నవ్వు వెనుక లెక్క: ‘గంబాల్’ యానిమేషన్ ధారావాహికలో రాజకీయ, సామాజికాంశాలు

ప్రస్తావన

హాస్యం సంఘ విమర్శకు వాహిక కావడం తెలుగు సాహిత్యానికి కొత్త విషయం కాదు. కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు, 1897లో తొలి ముద్రణ పొందిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు ఈ సంప్రదాయానికి సుపరిచితమైన ఉదాహరణలు. అయితే ఈ విమర్శ దృష్టి బాలల దృశ్యమాధ్యమం మీదికి ప్రసరించడం అరుదు. పిల్లలు చూసే కార్టూన్‌ను కాలక్షేపంగా తోసిపుచ్చడమో, దాని వల్ల కలిగే మంచిచెడులను లెక్కించడమో జరుగుతున్నంతగా దానిని ఒక పాఠంగా చదివే ప్రయత్నం జరగడం లేదు.

కార్టూన్ నెట్‌వర్క్ సంస్థ 2011 మే నెలలో ప్రసారం ప్రారంభించి 2019 జూన్ 24న ముగించిన ‘ది అమేజింగ్ వరల్డ్ ఆఫ్ గంబాల్’ అటువంటి పఠనానికి అనువైన ధారావాహిక. ఆరు సీజన్లలో 240 ఎపిసోడ్లుగా సాగిన ఈ హాస్యరచనకు నాయకుడు పన్నెండేళ్ళ నీలిరంగు పిల్లి. పాఠశాల అల్లరి, తోబుట్టువుల తగవులు, తల్లిదండ్రుల కోపతాపాలు దీని పైపొర. ఆ పొర కింద జీతం, ఇంటిచాకిరీ, ప్రకటనల వ్యాపారం, భిన్నత్వం పట్ల అసహనం, విస్మృతికి గురైన వారి స్థితి వంటి అంశాలు పదేపదే కనిపిస్తాయి. ఎల్మోర్ అనే ఆ కల్పిత పట్టణంలో ప్రతి నవ్వుకూ ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తుంటారని, ఆ మూల్యాన్ని లెక్కించడంలోనే ధారావాహిక రాజకీయ దృక్పథం ఇమిడి ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం. ఆ లెక్క ఎక్కడ నిలిచిపోయిందో సూచించడం కూడా ఇందులో భాగమే.

నిర్మాణ నేపథ్యం - రూపవైవిధ్యం

ధారావాహిక సృష్టికర్త బెన్ బోక్లే ఫ్రెంచి-బ్రిటిష్ కళాకారుడు. కార్టూన్ నెట్‌వర్క్ లండన్‌లో ఐరోపా విభాగపు నిర్మాణశాలను నెలకొల్పిన కాలంలో ఆయన ఆ సంస్థలో చేరాడు. అంతకుముందు వాణిజ్య ప్రకటనల కోసం తాను చిత్రించగా తిరస్కరణకు గురైన పాత్రలను ఒకచోట చేర్చి, వాటికి ఒక పాఠశాలను కల్పించాలన్న ఆలోచన నుంచి ఈ రచన పుట్టింది. ఈ పుట్టుక వృత్తాంతం ఆసక్తికరమైన జీవితవిశేషం మాత్రమే కాదు, రచనకు తాత్త్విక పునాది కూడా. విపణికి పనికిరాని రూపాలకు ఆశ్రయమిచ్చిన లోకం కాబట్టి విపణితో దాని సంబంధం మొదటినుంచీ సంక్లిష్టమైనదే.

ఈ పాత్రలు ఒకే చిత్రణరీతికి చెందవు. గంబాల్ కుటుంబం చేతిగీతల కార్టూన్ శైలిలో ఉండగా, సహపాఠులలో కొందరు కంప్యూటరుతో రూపొందిన త్రిమితీయ ఆకృతులు, కొందరు తోలుబొమ్మల వంటి చేతిబొమ్మలు. అరటిపండు, బెలూను, మేఘం, డైనోసారు ఒకే తరగతిలో కూర్చుంటాయి. వీరందరి వెనుక నేపథ్యం మాత్రం నిజమైన వీధుల, గదుల ఛాయాచిత్రం. వాస్తవ ప్రపంచపు తెరమీద అవాస్తవమైన దేహాలను నిలబెట్టడం ఈ శైలి ప్రత్యేకత. ఇల్లు, బడి, దుకాణం నిజమైనవి. వాటిలో మసలేవారే విడ్డూరమైనవారు. సంస్థలు మారకుండా ఉండి మనుషులు మాత్రమే వాటికి ఒదగవలసి వచ్చే స్థితిని ఈ చిత్రణ మాటల అవసరం లేకుండానే సూచిస్తుంది.

నీతికథలోని పిల్లి - ఎల్మోర్‌లోని పిల్లి

జంతుపాత్రల ద్వారా లోకరీతిని చెప్పడంలో భారతీయ కథాసంప్రదాయానిది ప్రాచీనమైన అనుభవం. పంచతంత్ర హితోపదేశాలు, వాటి ఆధారంగా తెలుగులో వెలసిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ జంతువులను స్వభావ ప్రతినిధులుగా నిలిపాయి. సింహం అధికారానికి, నక్క కపటానికి, కాకి లౌక్యానికి గుర్తులు. హితోపదేశంలో ముసలిగద్దను నమ్మించి పక్షిపిల్లలను భక్షించే పిల్లి దొంగతపస్సుకు ప్రతీక. అక్కడ జాతి తెలిస్తే గుణం తెలిసినట్లే. కథాగమనం ఆ గుణాన్ని ధ్రువపరిచి నీతితో ముగుస్తుంది.

గంబాల్ పిల్లి కావడం వల్ల అతని గుణం నిర్ణయం కాదు. అతడు గర్వి, సోమరి, ప్రేమాస్పదుడు, అబద్ధాలకోరు, పశ్చాత్తపుడు. ఇవేవీ మార్జాల లక్షణాలు కావు. తల్లి నికోల్ పిల్లి, తండ్రి రిచర్డ్ కుందేలు, చెల్లెలు అనాయిస్ కుందేలు. ఒకప్పుడు పెంపుడు చేపగా గాజుకుండలో ఉండి, కాళ్ళు మొలిచి, తమ్ముడుగా కుటుంబంలో కలిసిన డార్విన్ నాలుగో బంధం. పరిణామవాద శాస్త్రజ్ఞుని పేరు పెట్టుకున్న ఈ చేప పరిణామం చెందింది ప్రకృతి పోటీ వల్ల కాదు, తన కుటుంబాన్ని చేరుకోవాలన్న ఆర్తి వల్ల. బలవంతుడే బతుకుతాడన్న వ్యవహారంలోని డార్వినిజానికి ఇది సున్నితమైన ప్రత్యాఖ్యానం. జాతి, రక్తం కుటుంబానికి ఆధారం కానవసరం లేదని ధారావాహిక ఎక్కడా ఉపన్యసించదు. ఆ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నవారిని చూపి ఊరుకుంటుంది. వాచ్యం కానిదే ఇక్కడ బలమైనది.

శ్రమ: ఎవరి పని, ఎవరి అలసట

వాటర్‌సన్ కుటుంబంలో సంపాదించేది తల్లి. ఇంద్రధనుస్సు పేరుగల కర్మాగారంలో ఆమెది విసుగెత్తించే ఉద్యోగం. ఇల్లు చేరిన తరువాత పిల్లల తగాదాలు, భర్త నిర్వాకాలు ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి. తండ్రి ఇంటిపట్టున ఉంటాడు గాని ఇంటిపని ఆయనది కాదు. ఉద్యోగిని అయిన స్త్రీకి ద్వితీయ శ్రమగా మిగిలే గృహనిర్వహణను ఇంత సూటిగా చూపిన బాలల హాస్యరచనలు తక్కువ.

రెండో సీజన్‌లోని ‘ది జాబ్’ ఎపిసోడ్ ఈ అమరికను హాస్యపరాకాష్ఠకు తీసుకుపోతుంది. రిచర్డ్‌కు పిజ్జాలు చేరవేసే ఉద్యోగం దొరుకుతుంది. ఆయన పనిచేయడం విశ్వనియమాలకు విరుద్ధం కనుక లోకం కకావికలవుతుంది. వస్తువులు రూపు కోల్పోతాయి, భౌతిక సూత్రాలు పట్టు తప్పుతాయి. ఉద్యోగం పోయిన వెంటనే అంతా కుదుటపడుతుంది. పైకి ఇది సోమరి తండ్రి మీద వేసిన అతిశయోక్తి. లోతుగా చూస్తే, కుటుంబంలోని ఒక అసమానతను ప్రకృతిధర్మంగా ప్రకటించే తర్కాన్ని అక్షరార్థంలో తీసుకుని, అది ఎంత హాస్యాస్పదమో నిరూపించిన పద్ధతి. ‘ఆయన తీరే అంత’ అని ఇళ్ళలో వినిపించే మాటకు ఇక్కడ నక్షత్రమండలాలు సాక్ష్యం చెబుతాయి. లోకం నిలబడాలంటే తండ్రి కదలకూడదు. తండ్రి కదలకపోతే భారం తల్లిది. విశ్వం కుదుటపడినందుకు ప్రేక్షకుడు నవ్వుతాడు. మరునాడు ఉదయం కర్మాగారానికి బయలుదేరవలసినది మాత్రం నికోల్.

ఈ పాత్ర త్యాగమూర్తిగా ఆదర్శీకరణ పొందకపోవడం గమనార్హం. ఆమె కోపం ధారావాహిక అంతటా ప్రసిద్ధమైన హాస్యవిభావం. ‘ది చాయిసెస్’ ఎపిసోడ్ ఆ కోపానికి చరిత్రను సమకూర్చింది. నిరంతర విజయాన్ని కోరిన తల్లిదండ్రుల పెంపకం, రిచర్డ్‌తో పరిచయం, వేరొక దారి ఎంచుకుని ఉంటే జీవితం ఎలా ఉండేదన్న ఊహలు వరుసగా వస్తాయి. చివరకు ఆమె ఉన్న జీవితాన్నే ఎంచుకుంటుంది. ఈ సమాధానం సంప్రదాయానుకూలమే అయినా, ఆ ప్రశ్న అడిగే హక్కు తల్లికి ఉన్నదని బాలప్రేక్షకునికి తెలియజేయడం చిన్న విషయం కాదు.

ఇంటిలో నికోల్ ఎటువంటిదో ఊరిలో లారీ అటువంటివాడు. పెట్రోలు బంకు, బర్గర్ల దుకాణం, పిజ్జా దుకాణం, వీడియోల దుకాణం - ఎక్కడ చూసినా కౌంటరు వెనుక ఉండేది అతడే. మొదట్లో ఇది పునరావృత్తి మీద ఆధారపడిన హాస్యం. మూడో సీజన్‌లోని ‘ది పిజ్జా’ ఆ హాస్యాన్ని ప్రశ్నగా మార్చింది. వాటర్‌సన్ కుటుంబం ప్రవర్తనతో విసిగి లారీ అన్ని ఉద్యోగాలకూ రాజీనామా చేస్తాడు. కొద్ది సమయంలోనే ఎల్మోర్ శిథిలనగరంగా మారి, జనం ఆటవిక స్థితికి దిగజారుతారు. ప్రళయానంతర చలనచిత్రాల దృశ్యభాషను అనుకరించే ఈ ఎపిసోడ్ సమ్మె అనే మాటను ఉచ్చరించదు. కాని సమ్మె తెలియజేసే సత్యాన్నే తెలియజేస్తుంది: కనబడని శ్రామికుడు చేయి ఆపినప్పుడే ఊరు ఎవరి భుజాల మీద ఉన్నదో బయటపడుతుంది. ఒక్కడు ఇన్ని కొలువులు చేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. లారీ తిరిగి పనిలో చేరడమే కథకు సుఖాంతం.

విపణి: ఆత్మగౌరవానికి ధర

మూడో సీజన్‌లోనిదే అయిన ‘ది మనీ’ ధారావాహిక తన ఉనికిని తానే ప్రశ్నించుకున్న ఎపిసోడ్. కుటుంబం దివాలా తీస్తుంది. ఒక బర్గర్ల సంస్థ ప్రకటనలో నటిస్తే డబ్బు వస్తుంది. ఆత్మగౌరవాన్ని అమ్ముకోబోమని వారు నిరాకరిస్తారు. డబ్బు తరిగేకొద్దీ బొమ్మల నాణ్యత తరుగుతుంది. కదలికలు మొద్దుబారి, రంగులు ఆరిపోయి, చివరకు పాత్రలు ముడిగీతల స్థాయికి చేరుకుంటాయి. అస్తిత్వమే అంతరించే దశలో వారు ఒప్పందానికి తలవంచుతారు. ప్రకటన మొదలవుతుంది, రంగులు తిరిగివస్తాయి.

కళకు ధనంతో గల సంబంధాన్ని వివరించడానికి ఇక్కడ సంభాషణ అవసరం పడలేదు. యానిమేషన్‌లో ఒక్కొక్క క్షణపు కదలికకూ ఎందరో కళాకారుల పనిగంటలు ఖర్చవుతాయన్న వాస్తవం పాత్రల దేహాల మీదనే రాసినట్లు కనిపిస్తుంది. పేదరికం అంటే కొనుగోలుశక్తి లోపించడమే కాదని, మనిషి ఆకారమే చెరిగిపోవడమని ఈ దృశ్యకల్పన ధ్వనింపజేస్తుంది. లొంగిపోవడాన్ని విజయంగా గాని పాపంగా గాని రచన చిత్రించలేదు. నిరాకరించగలగడం కూడా ఒక వనరు మీద ఆధారపడి ఉంటుందన్న చేదు నిజాన్ని నవ్వుల మధ్య ఉంచింది. ప్రకటనల ఆదాయంతో నడిచే వాణిజ్య చానల్ నిర్మాణంలోనే ఈ విమర్శ వెలువడటం వల్ల దానికి ద్వంద్వార్థం ఏర్పడింది. వ్యవస్థ తన మీద విసుర్లను కూడా సరుకుగా మార్చుకోగలదన్నది ఒక అర్థం. సరుకులోపల కూడా సత్యం పలకగలదన్నది రెండో అర్థం. ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే స్వీకరించడం పాఠానికి అన్యాయం చేయడమే అవుతుంది.

చైనాలో ఒక మేకపాల ఉత్పత్తి ప్రచారం కోసం ఈ ధారావాహికను పోలిన కార్టూన్ వెలువడింది. దానికి సమాధానంగా అయిదో సీజన్‌లో ‘ది కాపీక్యాట్స్’ వచ్చింది. తమను అచ్చుగుద్దినట్లు అనుకరించే కుటుంబం వాటర్‌సన్‌లకు ఎదురవుతుంది. న్యాయస్థానానికి బదులు కథలోనే వ్యాజ్యం నడపడం ఈ ఎపిసోడ్ చమత్కారం. అయితే, ఎన్నో చలనచిత్రాలనూ ఆటలనూ కార్టూన్లనూ అనుకరిస్తూ నవ్వించే ధారావాహిక తనను అనుకరించినవారిని దొంగలుగా చూపడంలో ఒక ఇబ్బంది ఉన్నది. పేరడీకీ చౌర్యానికీ నడుమ గీత ఎక్కడ ఉండాలన్న చర్చను ఆ ఎపిసోడ్ పూర్తిగా తెరవలేదు.

భిన్నత్వం: కవచం, క్రమశిక్షణ

నాట్యశాస్త్రం హాస్యరసానికి వికృత వేషాలంకారాలను, అంగవైకల్య దర్శనాన్ని విభావాలలో చేర్చింది. తాను నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం అని విభజించింది. భిన్నమైన దేహాన్ని చూసి నవ్వడం హాస్యానికి ప్రాచీనమైన ఆధారమే గాని, ఆధునిక నైతికదృష్టికి అది ఇబ్బందికరమైనది. ఎల్మోర్‌లో ప్రతి దేహమూ వికృతమే కావడం వల్ల ఈ ఇబ్బందికి ఒక పరిష్కారం దొరికింది. ప్రమాణమైన దేహం లేనప్పుడు వికృతి అన్న మాటకే అర్థం ఉండదు.

‘ది షెల్’ ఎపిసోడ్‌లో గంబాల్ ఇష్టపడే పెన్నీ అనే వేరుశనగకాయ ఆకారపు బాలిక పైకవచం పగులుతుంది. లోపలినుంచి భావాన్ని బట్టి రూపం మారే కాంతిమయమైన ప్రాణి వెలువడుతుంది. గంబాల్ నోట మాట రాక నిలిచిపోతాడు. ఆ మౌనాన్ని ఆమె తిరస్కారంగా గ్రహించి వెళ్ళిపోతుంది. అవమానం, భయం ఆమెను భీకరరూపాలలోకి నెడతాయి. కౌమారంలో మారే శరీరం పట్ల ఉండే సంకోచంగా దీనిని చదవవచ్చు. కుటుంబం అందించిన కవచంలో దాగి బతకవలసి వచ్చే ఏ వ్యక్తి కథగానైనా చదవవచ్చు. భీకరత్వం ఆమె స్వభావంలో లేదు. చూసేవారి చూపు దానిని పుట్టించింది. ఎపిసోడ్ సాధించిన సూక్ష్మత ఇదే.

వ్యక్తిగతంగా కనిపించిన ఈ అంశం చివరి ఎపిసోడైన ‘ది ఇంక్విజిషన్’లో వ్యవస్థాగతమవుతుంది. మతవిచారణలను గుర్తుచేసే శీర్షికతో వచ్చిన ఈ కథలో ఒక పర్యవేక్షణాధికారి పాఠశాలకు వచ్చి, కార్టూన్ చేష్టలను నిషేధించి, విద్యార్థులను ‘మామూలు’ మనుషులుగా మార్చబూనుతాడు. లొంగినవారు వాస్తవ మానవాకృతిని పొందుతారు. ఎనిమిదేళ్ళుగా విడ్డూరదేహాలకు అలవాటుపడిన ప్రేక్షకునికి ఆ మామూలు మనుషులే భయంకరంగా తోస్తారు. ప్రమాణం, వికృతి స్థానాలు మార్చుకున్న ఈ క్షణంలో క్రమశిక్షణ పేరుతో జరిగే ఏకరూపీకరణ హింస పిల్లల కంటికి కూడా ఆనుతుంది.

విస్మృతి: శూన్యంలో పడినవారు

ఆ అధికారి మారువేషంలో ఉన్న రాబ్ అని తేలడంతో కథ మరో మలుపు తిరుగుతుంది. రాబ్ చరిత్ర ‘ది వాయిడ్’ ఎపిసోడ్‌తో మొదలైంది. లోకం తన పొరపాట్లుగా భావించిన వాటిని పారవేసే శూన్యలోకం ఒకటి ఉన్నదని, తరగతిలోని మాలీ అందులో పడి అందరి జ్ఞాపకం నుంచీ తొలగిపోయిందని గంబాల్, డార్విన్ గుర్తిస్తారు. వెళ్ళి ఆమెను రక్షిస్తారు. అదే చోట చిక్కుకున్న రాబ్‌ను మాత్రం గమనించరు. బండి వెనుక భాగాన్ని పట్టుకుని అతడు బయటపడతాడు గాని రూపం చెదిరిపోతుంది. తరువాత ‘ది నోబడీ’లో అతడు తన పేరు కూడా మరచి వాటర్‌సన్‌ల ఇంటి నేలమాళిగలో తలదాచుకుంటూ కనిపిస్తాడు. గతం గుర్తుకు వచ్చాక ప్రతినాయకుడు కావాలని నిశ్చయించుకుంటాడు.

సగటు హాస్య ధారావాహికకు ప్రతినాయకుడు అవసరమైతే దుష్టుడిని సృష్టిస్తుంది. ఇక్కడ దుష్టత్వానికి మూలం నాయకుని అజాగ్రత్త. మంచిపని చేసి తిరిగివస్తున్న వేళనే గంబాల్ ఒకరిని మరచిపోయాడు. ఒకరిని రక్షించిన సంతృప్తి మరొకరి స్థితిని కప్పివేయగలదన్నది బాలల రచనలలో అరుదుగా వినిపించే నైతిక పరిశీలన. కథలో ముఖ్యపాత్ర కాకపోవడమే రాబ్ చేసిన నేరం. గంబాల్ శత్రువుగా మారడం ద్వారానే అతనికి కథలో చోటు దొరికింది. గుర్తింపు నిరాకరణకు గురైనవారికి వైరం ఒక్కటే ద్వారంగా మిగిలే సామాజిక స్థితికి ఇది సమీపమైన రూపకం.

ముగింపు ఎపిసోడ్‌లో రాబ్ తాను వారిని కాపాడాలనే ప్రయత్నించానని చెబుతాడు. ఎవరూ వినరు. అతడు ఒంటరిగా మిగిలినప్పుడు నేల చీలి శూన్యం అతన్ని మింగుతుంది. అంటే, అణచివేతకు ప్రతినిధిగా కనిపించినవాడే ప్రమాదాన్ని ముందుగా గుర్తించినవాడు. అతని ఉద్దేశం ఏదైనా, ఎంచుకున్న పద్ధతి బలవంతపుది. నవ్వుతూ అతన్ని తరిమిన పాఠశాల చేసినది మళ్ళీ పాత తప్పే. నీతివాక్యం లేకుండా, ఊరట లేకుండా ధారావాహిక ఇక్కడ ఆగింది. కొనసాగింపుగా 2025లో మార్చిన శీర్షికతో కొత్త ఎపిసోడ్లు వెలువడటంతో ఆ ముగింపు అంతిమం కాకుండా పోయినా, ఆరేడేళ్ళపాటు ప్రేక్షకులకు మిగిలినది ఈ అసంపూర్ణతే.

పరిమితులు

రచన చూపు నిశితమైనదే గాని సంపూర్ణం కాదు. మొదటిది, ప్రతి ఎపిసోడ్ చివర లోకం యథాస్థితికి చేరుకునే ప్రక్రియానియమం. లారీ తిరుగుబాటు, వాటర్‌సన్‌ల నిరాకరణ, నికోల్ పునరాలోచన - అన్నీ మొదలైన చోటికే తిరిగివస్తాయి. మార్పు సాధ్యమా అన్న ప్రశ్నకు ఈ నిర్మాణం ముందే జవాబు చెప్పినట్లవుతుంది. రెండవది, రిచర్డ్ స్థూలకాయం, తిండియావ మీద ఆధారపడిన హాస్యం. దేహభిన్నత్వాన్ని సమర్థించే రచనలోనే ఒక దేహం మాత్రం పరిహాసానికి మిగిలిపోయింది. మూడవది, అన్ని రూపాలూ సమానంగా విచిత్రమైన లోకంలో భిన్నత్వానికి చరిత్ర ఉండదు. వాస్తవ సమాజంలో వర్ణం, కులం, జాతి వంటి భేదాలు వేరుగా కనిపించడంతో ఆగవు. కొందరికి భూమిని, చదువును, గౌరవాన్ని ఇచ్చి మరికొందరికి నిరాకరించిన చరిత్ర వాటి వెనుక ఉన్నది. ఎల్మోర్‌లో ధనికురాలైన మేఘబాలిక తండ్రి కర్మాగారంలో గంబాల్ తల్లి ఉద్యోగిని. ఈ ఏర్పాటులో వర్గం ఉన్నది గాని, రూపానికీ వర్గానికీ నడుమ లంకె లేదు. ఆ లంకె ఉన్న సమాజాలలోని బాలప్రేక్షకునికి ఎల్మోర్ ఒక ఊరట కాగలదు, పూర్తి అద్దం కాజాలదు.

ఉపసంహారం

నీతికథ తన జంతువుల ద్వారా ఎలా ప్రవర్తించాలో చెప్పింది. ‘గంబాల్’ ధారావాహిక ఎవరు ఏమి మోస్తున్నారో చూడమంటుంది. విశ్వం కుదుటపడినప్పుడు అలసిన తల్లి, ఊరు తెరుచుకున్నప్పుడు కౌంటరు వెనుక నిలిచిన లారీ, బండి ముందుకు సాగినప్పుడు వెనుక వేలాడిన రాబ్ - ఈ ముగ్గురూ హాస్యపు అంచున ఉన్నవారు. వారిని కేంద్రంలోకి తెచ్చే ధైర్యం రచన కొన్నిసార్లు చేసింది, తరువాత మళ్ళీ అంచుకు పంపింది. పంపిన సంగతిని మాత్రం దాచలేదు. యథాస్థితికి చేరిన ప్రతిసారీ ఆ యథాస్థితి ఎవరికి అనుకూలమో కనిపించేలా చేయడమే దీని రాజకీయ ప్రయోజనం. నవ్విన పిల్లవాడు ఏదో ఒకనాడు లారీ ఇంటికి ఎప్పుడు వెళతాడని అడిగితే, ఆ ప్రశ్నకు బీజం ఈ ధారావాహికలోనే ఉన్నట్లు భావించవచ్చు. బాలల దృశ్యమాధ్యమాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకోవడానికి ఇటువంటి ప్రశ్నలే తగిన ఆధారం.